రెండో కోత అయ్యాక

ఆ ఏడు మా ఊళ్ళో స్ఫోటకం రాలేదు. నమ్మకపోతే మునసబు గారి చావుపుటకల రిజిస్టరు తిరగేసి చూసుకోవచ్చు, ఏ కచ్చేరీ బీరువాలోనో ఇంకా చెదలు పట్టకుండా ఉంటే. అందులో జ్వరం ఉంటుంది, విరేచనాలు ఉంటాయి, ముసలితనం ఉంటుంది. స్ఫోటకం మాత్రం ఉండదు. ఆ జ్వరాల్లో ఒకటి మా చెల్లెలి బిడ్డది. పది నెలల పిల్ల. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు కోపమే ముందు వస్తుంది, ఏడుపు తర్వాత. ఆ కోపంలో సగానికి పైగా నా మీదే.

అరవైల మొదట్లో మాట. సత్తెనపల్లికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో నల్లరేగడి ఊరు మాది. ఊరికి తూర్పున మా పల్లె. అందరం క్రైస్తవులం, అందరివీ కూలి బతుకులే. మా పల్లెలోంచి టీచరు ట్రైనింగుకి వెళ్ళి వచ్చిన మొదటి ఆడపిల్లని నేను. ఇరవై మూడేళ్ళకే మిషను బడిలో పంతులమ్మనయ్యాను. ఇక నా నోటికి అడ్డేముంది? ఎవరికి ఉత్తరమొచ్చినా నేను చదవాలి, ఎవరు అర్జీ పెట్టుకోవాలన్నా నేను రాయాలి, బస్సు మీది బోర్డు కూడా నేను చదివి చెబితేనే ఎక్కేవాళ్ళు. పంతులమ్మ చెప్పిందంటే మా వాళ్ళకి అది బైబిలు తర్వాతి మాట. నాకు అది భలే ఇష్టంగా ఉండేది.

ఇంట్లో అమ్మ, నేను. ఎదురింట్లో చెల్లెలు, దాని మొగుడు, చంటిది. పెద్దపిల్ల నాలుగేళ్ళది, కోతల కాలంలో చూసేవాళ్ళుండరని పొన్నూరులో నాయనమ్మ దగ్గర వదిలి వచ్చారు. చంటిదాన్ని మాత్రం చెల్లెలు చేనికి తీసుకుపోయేది. గట్టు మీద మూడు కర్రలు నిలబెట్టి పాతచీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. పాలకి ఏడ్చినప్పుడల్లా సాలు మధ్యలో పని ఆపి పరుగెత్తేది.

మిరప కోతలు ఎరగని వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. పొద్దస్తమానం కాయ కోసిన చేతికి ఘాటు ఎక్కుతుంది. ఆముదం రాసినా, మజ్జిగలో ముంచినా పోదు. కంటికి తగిలితే కన్ను, పెదవికి తగిలితే పెదవి భగ్గుమంటాయి. కోతల నెలల్లో మా పల్లెలో తల్లులు పిల్లల ముక్కు చీదాలన్నా ముసలాళ్ళని పిలిచేవాళ్ళు. పాలిచ్చేముందు మా చెల్లెలు రొమ్మును తను ముట్టుకోకుండా, మోచేత్తో చీర తొలగించుకుని బిడ్డను అందుకునేది. నేర్పుగా చేసేది.

మొదటి కోత సగంలో ఉండగా టీకాలాయన వచ్చాడు. సత్తెనపల్లి సాయిబు గారు, నడివయసు మనిషి, గొడుగు, ఖాకీ సంచి. చేతి మీద మందు చుక్క వేసి, పళ్ళున్న చిన్న బిళ్ళ ఒకటి ఆనించి గిర్రున తిప్పేవాడు. నాలుగో రోజుకి అక్కడ వాచి, వారానికి చీము పట్టి, రెండు రోజులు ఒళ్ళు కాలి, మూడు వారాలకి పక్కు రాలేది. మా ఆడవాళ్ళంతా బడి ముందు గుమిగూడారు. అందరి మాటా ఒకటే. పచ్చి పుండు మీద ఈ మిరప చేతులు పడితే? పిల్లలకి వేయిస్తే వాళ్ళని ఎత్తుకునేదెట్టా? తమకి వేస్తే ఆ రెండు రోజుల కూలి ఎవడిస్తాడు?

"అక్కా, నువ్వు చెప్పు ఆయనకి" అంది చెల్లెలు, చంటిదాన్ని ముంజేతుల మీద మోస్తూ. "రెండో కోత అయ్యాక వేయించుకుంటాం. అప్పుడైతే చేతులు చల్లబడతయ్."

నాకు వాళ్ళ మాట సబబుగానే తోచింది. తోచడమేమిటి, పెద్దరికం తన్నుకొచ్చింది. "సాయిబు గారూ, రెండో కోత అయ్యాక రండి. అప్పటికి పల్లె మొత్తాన్ని నేనే వరసలో నిలబెడతాను, పూచీ నాది" అన్నాను.

ఆయన ఒకసారి నా వంకా ఒకసారి చంటిదాని వంకా చూశాడు. "పిల్లలకన్నా ఇవ్వాళ వేసేస్తే మంచిదమ్మా" అన్నాడు.

"మూడు వారాలేగదండీ, ఏం ముంచుకొచ్చింది?" అన్నాను. ఆయన సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

పది రోజులు తిరక్కుండా ముంచుకొచ్చింది. కోతలకని మార్కాపురం వైపు నుంచి వచ్చిన కూలివాళ్ళు కల్లం పక్కన పాకలు వేసుకున్నారు. అందులో ఒకామెకి మూడు రోజుల జ్వరం తగిలి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. ఆమె నాలుగైదు రోజుల్లో పోయింది. తర్వాత మా బడి పిల్లలు ఒకళ్ళొకళ్ళే రావడం మానేశారు.

ఊళ్ళో బస్సాగే చోటు, పోస్టాఫీసు, కాఫీ హోటలు పక్కపక్కనే. నేను కార్డులు కొనే నెపంతో పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి హోటలు బల్లల మీది కబుర్లు వినేదాన్ని. పేపరు ఒక రోజు ఆలస్యంగా బస్సులో వచ్చేది, దాని మీద పొద్దున్నంతా తగువు.

"జిల్లాలో తగ్గుముఖం పట్టిందంటయ్యా, కంగారు పడొద్దని వేశారు."

"ఆ పేపరోడు మన కల్లాల్లోకొచ్చి చూసి వేశాడా ఏంది?"

"ఒరేయ్, అది ఆటలమ్మరా. పిల్లలన్నాక పోయదా? వారం రోజుల్లో అదే మాడిపోయిద్ది."

"ఆటలమ్మకి మనుషులు పోతారంట్రా?"

"పోయింది ఆ కూలామే గదా, అసలే ఎముకల గూడు. అది మన ఊరి లెక్కలోకి రాదు."

ఇంకొకాయన, సర్కారు దేశమంతా టీకాలు వేసి ఈ రోగాన్నే లేకుండా చేస్తుందని, పిల్లలకి స్ఫోటకమంటే ఏమిటో చెప్పినా అర్థం కాని రోజు వస్తుందని గట్టిగా వాదించేవాడు. మిగతావాళ్ళు ఆయన్ని ఆట పట్టించేవాళ్ళు. ఆయన చెప్పిందే చివరికి నిజమైంది. మాకు అందాల్సిన వేళకి అందలేదు, అంతే.

స్ఫోటకం అవునా కాదా అని ఇంతమంది గొంతులు చించుకుంటుంటే, తెలిసిన మనిషిని ఒక్కరూ అడగలేదు. ఆ మనిషి మా అమ్మ. చిన్నప్పుడు పోసి బతికి బయటపడింది, ముఖం నిండా గుంటలు. "ఆటలమ్మ అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ పోయదే. పెద్దమ్మవారే పోసిద్ది" అంది నాతో. నేను నాలుగిళ్ళకి వెళ్ళి పిల్లల అరికాళ్ళు చూసి వచ్చాను. పొక్కులు అరికాళ్ళ దాకా ఉన్నాయి.

మునసబు గారు మాత్రం మన ఊళ్ళో లేదని పైకి రాసి పంపించారు. ఆయన దుర్మార్గుడు కాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఊళ్ళో స్ఫోటకమని రాస్తే మన కాయ గుంటూరులో ఎవడూ ముట్టడు, బండ్లు దారిలోనే తిప్పి పంపుతారు అన్నారు. రైతులంతా ఔనన్నారు. తమాషా ఏమిటంటే మా పల్లె కూడా ఔనంది. కాయ కదలకపోతే కోత ఆగుతుంది, కోత ఆగితే గంజి ఆగుతుంది. అందరం కలిసి ఒక అబద్ధం మీద దుప్పటి కప్పాం.

నేను లెక్క రాయడం మొదలుపెట్టాను. ఎవరికైనా పోస్తే గుమ్మానికి వేపమండ కట్టడం మా పల్లెలోనూ ఉండేది. దేవుడు మారినా వేపమండ మారలేదు. పాస్టరు గారు ఆ గుమ్మాల ముందు తల వంచుకుని నడిచి, లోపలికి వెళ్ళి ప్రార్థన చేసి వచ్చేవారు. నేను సాయంత్రం బడి కాగానే వేపమండలు లెక్క పెట్టుకుంటూ పోయేదాన్ని. మొదటి రోజు నాలుగు. రెండు రోజులకి ఐదు. తర్వాత ఒక్కసారిగా తగ్గాయి. నేను సంబరపడ్డాను కూడా. తీరా చూస్తే, పంతులమ్మ రాసుకుంటోందని తెలిసి మండలు గుమ్మం లోపలి వైపు కట్టుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండి వీధిలో నిలబడి అరిచాను. "ఎవరి దగ్గర దాస్తున్నారే మీరు? నా దగ్గరా?" ఎవరూ తలుపు తీయలేదు.

గుంటూరులో ఆరోగ్యశాఖ వారికి కార్డు రాశాను. వారం చూశాను. ఇంకో కార్డు రాశాను. జవాబు లేదు. శనివారం బస్సెక్కి సత్తెనపల్లి వెళ్ళి, అడుక్కుంటూ అడుక్కుంటూ సాయిబు గారి ఇంటికి చేరాను. ఆయన అప్పుడే ఏదో ఊరు తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి కుర్చీ వేయించాడు.

"ఇవ్వాళే రండి, ఇప్పుడే రండి. నేనే వెంటబెట్టుకుపోతాను" అన్నాను.

"మందు లేదమ్మా." ఆయన సంచి తెరిచి ఖాళీ ఫ్లాస్కు చూపించాడు. "వచ్చిందంతా రోగమున్న ఊళ్ళకి పంచేశారు. మీ ఊళ్ళో ఒక్కటీ లేదని మీవాళ్ళే గదా రాసింది? లేని ఊరికి నేనేమని అడగను?"

"ఉందండీ. నేను చెబుతున్నాను గదా. అరికాళ్ళు చూశాను."

"నువ్వు చెబితే నేను నమ్ముతానమ్మా. కాగితం నమ్మొద్దా?" ఆయన ముఖం చూస్తే జాలేసింది. "పై వారం మళ్ళీ వచ్చిద్దంటున్నారు. వస్తే ముందు మీ పల్లెకే తెస్తా. నేనొచ్చిన ఆ రోజు నా దగ్గర నిండుగా ఉంది తల్లీ" అన్నాడు, నెమ్మదిగా.

ఆ చివరి మాట ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే తిరుగు బస్సులో కూర్చోలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు చేనికి పోలేదు. చంటిదానికి ముందురోజు నుంచీ ఒళ్ళు కాలుతోందట. అమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మూడో రోజు పొద్దున అమ్మ ఆ బుల్లి పాదాన్ని వెలుతురుకి తిప్పింది, నన్ను చూడమనలేదు. చూడకుండానే నాకు తెలిసింది.

ఆ తర్వాతి రోజులు రాయడం నాకు చేతకాదు, కానీ ఒకటి రాయకుండా ఉండలేను. పొక్కులు లేచిన ఒంటి మీద మా చెల్లెలి చెయ్యి పడితే చాలు, పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. కోత మానేసి వారమైనా ఆ చేతుల్లో ఘాటు చావలేదు. మజ్జిగ పోసి తోమింది, బూడిద రుద్దింది, చర్మం లేచిపోయేదాకా రాతి మీద రాసింది. పిల్ల తల్లి కోసం చేతులు చాచేది, తల్లి ఎత్తుకుంటే అరిచేది. చివరికి చెల్లెలు రెండు చేతులూ చంకల్లో దాచుకుని గుమ్మం దగ్గర కూర్చుండిపోయింది. ట్రైనింగులో ఉండగా టీకా వేయించుకున్నదాన్ని కనుక నేను ఎత్తుకున్నాను, ఒకసారి పోసిన మనిషి కనుక అమ్మ ఎత్తుకుంది. పిల్ల మా ఇద్దరి ఒళ్ళలోనే గడిపింది. పాస్టరు గారు రోజూ వచ్చి ప్రార్థన చేశారు. నేను మోకరించాను గానీ నాకు ఒక్క మాట కూడా కుదరలేదు. ఏమని అడగను? తొమ్మిదో రోజు పొద్దున, చర్చి గంట కొట్టే వేళకి, నా ఒళ్ళోనే పోయింది.

చావు రాయించడానికి నేనే వెళ్ళాను. "స్ఫోటకమని రాయండి" అన్నాను.

మునసబు గారు సిరాలో ముంచిన కలం ఆపారు. "ఏమ్మా పంతులమ్మా, నేను ఆ మాట రాస్తే పిల్ల లేచొచ్చిద్దా?"

"ఇంకొకరి పిల్ల పోకుండా ఉంటుంది."

"రాస్తే ఊరంతా పస్తుంటది. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అని జ్వరమని రాసేశారు. అంత నోరున్న నేను అక్కడ బొమ్మలా నిలబడి, ఆయన ఇసుక చల్లి సిరా ఆరబెట్టడం చూసి వచ్చాను.

వారం తర్వాత చెల్లెలు కల్లంలో తొడిమలు తీసే పనికి పోయింది. పోక ఏం చేస్తుంది? నేను బడి వదిలాక దాని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అది చాలాసేపు కాయలు గిల్లుతూ ఉండి, తలెత్తకుండా అడిగింది.

"అక్కా, ఆ రోజు టీకా వేయించి ఉంటే బతికేదా?"

ఊరందరితో నిజం రాయండి, నిజం చెప్పండి అని పోట్లాడినదాన్ని నేను. చెల్లెలి ముఖం అన్నం లేక ఎండిపోయి ఉంది. "లేదే" అన్నాను. "వేయించినా దక్కేది కాదు. దాని రాత అంతే."

"నిజంగానా?"

"నిజంగానే."

అది ఎర్రటి కాయల రాశి మీదికి వాలి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం భుజానికి తుడుచుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నది. చేసింది మంచి పనే అనుకున్నాను. ఆ అబద్ధంలో నాకూ కాస్త నీడ దొరికిందన్న మాట ఇప్పుడు దాచడమెందుకు?

ఆ మరుసటి సోమవారం సాయిబు గారు వచ్చాడు. ఆలస్యమైనా మాట తప్పలేదు. ఫ్లాస్కులో ఐసు, ఐసులో మందు గొట్టాలు. నేను బడికి సెలవిచ్చి పల్లె మీద పడ్డాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తెరిచినవాళ్ళు కూడా గుమ్మంలోనే నిలబడి నవ్వినట్టుగా చూశారు.

"ఎందుకమ్మా పిల్లల్ని కోయించడం? వేయించినా దక్కదని నువ్వే చెప్పావంట గదా?"

"ఎవరన్నారు?"

"మీ చెల్లే చెప్పింది. పంతులమ్మ చెబితే ఇంక తిరుగేముంది?"

చెల్లెలు వాకిట్లోనే ఉంది. ఆ ముందురోజే పొన్నూరు నుంచి తెచ్చుకున్న పెద్దపిల్లని కొంగుకి ఆనించుకుని నిలబడింది. "ఒకదాన్ని దేవుడు తీసుకున్నాడు. దీన్ని ఏడిపించనియ్యను" అంది అందరికీ వినబడేలా. వీధి వీధంతా దాని మాటనే పట్టుకుంది. పాపం, అది పట్టుకున్నది నా మాటని.

సాయిబు గారు బడి అరుగు మీద కూర్చుని ఎండ వంక చూస్తున్నాడు. "ఐసు కరుగుతుందమ్మా. మధ్యాన్నం దాటితే ఈ మందు నీళ్ళతో సమానం" అన్నాడు.

నేను చెల్లెలి ముందుకి వెళ్ళి నిలబడ్డాను. చుట్టూ పల్లె పల్లెంతా ఉంది. గొంతు పెద్దది చేస్తే తప్ప అందరికీ వినబడదు, ఆ మాటేమో గొంతు పెంచి అనే మాట కాదు.

"నీతో అబద్ధం చెప్పాను. ఆ రోజు వేయించి ఉంటే బతికేది. వేస్తానని ఆయన అన్నాడు. ఆగమన్నది నేను."

చెల్లెలు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అర్థం చేసుకోవడానికి దానికి కొంతసేపు పట్టింది. నాకు కనబడుతూనే ఉంది, నా అబద్ధం విన్నప్పటి నుంచీ తిన్న అన్నం, పట్టిన నిద్ర, అన్నీ ఆ ముఖంలోంచి ఒక్కొక్కటే వెళ్ళిపోవడం. తర్వాత అది పెద్దపిల్ల చెయ్యి పట్టుకుని నన్ను దాటుకుని బడి అరుగు దగ్గరికి నడిచింది. పిల్ల భుజం మీద గౌను పైకి తోసి సాయిబు గారికి చూపించింది. దాని వెనక ఒకామె, ఆమె వెనక ఇంకొకామె. మధ్యాన్నానికి ఫ్లాస్కు ఖాళీ అయింది.

మేము విడిపోలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఎదురెదురిళ్ళలోనే బతికాం. నాకు జబ్బు చేస్తే గంజి కాచి పోసింది, అమ్మ పోయినప్పుడు నా పక్కనే కూర్చుని ఏడ్చింది, దాని పిల్ల పెళ్ళికి నన్నే పెద్దగా నిలబెట్టింది. టీకా వేయించిన ఆ సాయంత్రం, పక్కు కట్టేదాకా పిల్ల భుజానికి గాలి తగలనివ్వాలా అని అడగడానికి మా గుమ్మంలోకి వచ్చి, "పంతులమ్మ గారూ" అని పిలిచింది. ఏదో కోపంలో ఉంది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అనుకున్నాను. చివరిసారి ఆసుపత్రిలో మంచినీళ్ళు అడిగినప్పుడు కూడా అలాగే పిలిచింది.